నాన్న పేర ఉన్న తుపాకి

నంగా లెబియాన్ పొడవిల్లు
9 డిసెంబర్ 1982

తమ్ముడు జెలియాన్‌కి,

ఈ ఉత్తరం ఉప్పు పడవ సరంగు చేత పంపుతున్నాను. నీ చేతికే ఇమ్మన్నాను, పోలీసు స్టేషనులో ఇంకెవరికీ ఇవ్వొద్దన్నాను. చదివాక పొయ్యిలో పెట్టెయ్.

నాన్న ఇంటికి రాక పదిహేను రోజులైంది. నవంబర్ ఇరవై నాలుగున తెల్లవారాక తుపాకి భుజాన వేసుకుని పై చేనుకి వెళ్ళాడు. వెళ్ళేముందు మా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది, నీ దగ్గర దాచడమెందుకు. దగ్గుతో తెల్లార్లూ కూర్చునే మనిషికి అడవెందుకు, లైసెన్సు మీ బావ పేరుకి మార్చి వసారాలో కూర్చో అన్నాను. "నేను పోయాక మార్చుకోండి" అని మెట్లు దిగాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

తొమ్మిది రోజులు వెతికారు. మీ బావ కెడిట్టే అందరికంటే ముందు నడిచాడు. వాగు అవతలి ఒడ్డు, పందులు పొర్లే మడుగు, పాత శ్మశానం గుట్ట, అంతా గాలించారు. నాన్న టోపీ కూడా దొరకలేదు.

అయినా నాన్న బతికే ఉన్నాడు. ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం. వెళ్ళిన ఆరో రోజు నుంచి పొద్దున్నే, మంచు విడిచే వేళకి, ఎగువన తుపాకి మోగుతోంది. ఒక్కటే మోత. నాన్న ఏనాడూ రెండోసారి పేల్చేవాడు కాదు, నీకు తెలుసుగా. ఈ వాగు మీద మిగిలింది ఆయన తుపాకి ఒక్కటే. మన పొడవింటి పెద్ద గరై వాళ్ళ నాన్న పోయినప్పుడు వాళ్ళదీ, తర్వాత చివరి గదుల వాళ్ళవి రెండూ మీ స్టేషనుకి దిగిపోయాయి. వారసులు కాగితాలు పెట్టుకోనే లేదు. ఒకే కప్పు కింద ఉన్న ఇరవై రెండు గదుల వాళ్ళ కొండవరిని అడవిపందుల నుంచి కాసేది ఇప్పుడు నాన్న ఒక్కడే. మోత వినగానే ఆడవాళ్ళు దంపుడు ఆపి నా వైపు చూసి నవ్వుతారు. "మీ నాన్న అలక ఇంకా తీరలేదే సెలకా" అంటారు. నేనూ నవ్వుతాను. ఆ పూట అన్నం సయిస్తుంది.

నీ కూతురికి పళ్ళు వచ్చాయా? దగ్గు మందు రెండు సీసాలు పంపు. ఆయన దిగి వచ్చేసరికి ఇంట్లో ఉండాలి.

అక్క
సెలకా


కపిట్
21 డిసెంబర్ 1982

అక్కా,

నీ సరంగు మహా నమ్మకస్తుడు. ఉత్తరం తెచ్చి సరాసరి నా కౌంటర్ మీద పెట్టాడు, సార్జెంటు పక్కనే టీ తాగుతుండగా. ఇంటి నుంచా అని అడిగాడాయన. ఈ ఏడు దురియన్ కాపు బాగుందట అని చెప్పాను. నాకూ పంపమను అన్నాడు. కాబట్టి దురియన్లు పంపక తప్పదు.

నవ్వించడానికి రాశాను గానీ నాకు నవ్వు రావడం లేదు. నాన్న అలక నాకు తెలియనిదా? రెండు రోజులు, మరీ కోపమొస్తే నాలుగు. ఉప్పు లేకుండా, పొడి బట్ట లేకుండా, ఆ దగ్గుతో నెల రోజులు అడవిలో ఉంటాడా?

అక్కా, ఈ తుపాకి సంగతి కాస్త ఓపిగ్గా చదువు. లైసెన్సు పోడు చేను లాంటిది కాదు, తండ్రి కొట్టిన అడవి కొడుకుదయినట్టు దానంతటది రాదు. ఆ మనిషికి ఇచ్చింది ఆ మనిషిదే. ఇంకొకరు దాన్ని భుజాన వేసుకున్నా జైలే. మనిషి పోతే తుపాకి వెంటనే ఇక్కడికి రావాలి, తర్వాతే వారసుడి అర్జీ. తుపాకి కనబడకపోతే ఆ రోజే చెప్పాలి. ప్రతి జనవరిలో మనిషీ తుపాకీ రెండూ నా కౌంటర్ ముందు నిలబడాలి, నేను గొట్టం మీద అంకె చూసి పుస్తకంలో రాయాలి. పోయిన జనవరిలో నాన్న నా ఎదురుగా నిలబడి, "అంకె సరిపోయిందా బాబూ" అని తెలియనివాడిలా అడిగి అందర్నీ నవ్వించాడు.

ఇప్పుడు అడవిలో అలిగి కూర్చున్న మనిషికి నేను ఏ గడి నింపను? జనవరి ముప్పై ఒకటి దాకా నోరు మెదపను. ఆలోపు ఆయన్ని కిందికి తీసుకురండి. బావతో ఇంకోసారి వెతికించు.

మందు పంపుతున్నాను. పాపకి రెండు పళ్ళు వచ్చాయి, వాళ్ళమ్మని కొరుకుతోంది.

నీ తమ్ముడు
జెలియాన్


నంగా లెబియాన్
8 జనవరి 1983

తమ్ముడూ,

దురియన్లు పడవలోనే మగ్గిపోతాయి, మీ సార్జెంటుకి ఎండు చేప పంపుతున్నాను.

నాన్న ఇంకా దిగలేదు. కానీ మాంసం పంపుతున్నాడు. ఈ నెల రోజుల్లో మూడుసార్లు మీ బావ చేను అంచున చచ్చిన పంది కనబడిందని మోసుకొచ్చాడు. మెడ దగ్గర గుండు దెబ్బ. పద్ధతి ప్రకారం ఇరవై రెండు గదులకీ పంచాం. గరై పంది తల కోస్తూ, "ముసలాయన ఇంటికి రాడు గానీ వాటాలు మాత్రం మర్చిపోడు" అన్నాడు.

నువ్వు చెప్పావని పోయిన మంగళవారం నేనే వెళ్ళాను, ఒంటరిగా, మిట్టమధ్యాహ్నం. మన కుక్కలు చేను గట్టు దాకా వచ్చి ఆగిపోయాయి. ఎంత అదిలించినా ఎగువ దారిలోకి కాలు పెట్టలేదు. మొరగనూ లేదు. దారి మీదే చూపు నిలిపి కూర్చున్నాయి. నేను మంచె దాటి పెద్ద మొద్దు దాకా వెళ్ళి, నాన్నా అని పిలిచాను. తప్పు నాదే, లైసెన్సు మాట ఇంకెత్తను, రా అన్నాను. నేను అరవగానే కీచురాళ్ళు ఆగిపోయాయి. అడవంతా ఊపిరి బిగపట్టి వింటున్నట్టుంది. ఒకరు చాలా దగ్గరగా నిలబడి ఉన్నారని నా వీపుకి తెలిసింది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎవరూ రాలేదు.

ఆకులో చుట్టిన అన్నం, ఉప్పు, పొగాకు ఆ మొద్దు మీద పెట్టి వచ్చాను. మర్నాడు చూస్తే అన్నం అలాగే ఉంది, చీమలు పట్టింది. పొగాకు మాత్రం లేదు. ఆకు మళ్ళీ పొందికగా మడిచి ఉంది. కోతి అలా మడుస్తుందా చెప్పు.

పాప కొరికితే వేపుడు అరటికాయ ముక్క చేతికివ్వండి.

అక్క


కపిట్
19 జనవరి 1983

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి తలుపు గడియ వేసుకున్నాను. పట్టపగలే. నా భార్య నవ్వింది.

తర్వాత ఆఫీసుకి వెళ్ళి తూటాల పుస్తకం తీశాను. తూటా కొనాలన్నా మా చీటీ ఉండాలి, ప్రతి చీటీ అందులో ఉంటుంది. నాన్న ఆఖరుసారి తీసుకున్నది అక్టోబరులో, పది. నవంబర్ చివర నుంచి రోజూ ఒక మోత అంటున్నావు. ఈపాటికి యాభై. పది తూటాలతో యాభైసార్లు ఎలా పేలుతుంది?

నాకు దయ్యాల లెక్క తెలియదు, ఈ లెక్క తెలుసు. ఆ మోతలు నాన్నవి కావు. ఇంకెవరో పేలుస్తున్నారు. నాన్న తుపాకి వాళ్ళ చేతిలో ఉంటే నాన్న ఏమైనట్టు?

నీకు కోపం వస్తుందని తెలిసీ అడుగుతున్నాను. మోత వినబడే వేళకి బావ ఎక్కడ ఉంటున్నాడు? పందులు ప్రతిసారీ ఆయనకే ఎందుకు కనబడుతున్నాయి?

నెలాఖరు దగ్గరపడింది. నా కుర్చీ ఎలాంటిదో అర్థం చేసుకో.

జెలియాన్


నంగా లెబియాన్
2 ఫిబ్రవరి 1983

జెలియాన్‌కి,

నిన్ను బడికి పంపింది ఆ తుపాకి కొట్టిన మాంసమే. ఇప్పుడు ఆ తుపాకి పుస్తకం ముందేసుకుని మా ఆయన్ని హంతకుడంటున్నావు.

మీ బావ పొద్దున్నే చేనుకి వెళ్తాడు. ఇంటికొక మగాడు వెళ్తాడు, పందులు మనం లేచేదాకా ఆగవు కదా. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించలేదు. పట్నంలో మాటలు వేరుగా ఉంటాయి అనుకుని మడిచి పెట్టాను.

తూటాలు పదే అయితే పదే. నాకు ఆ లెక్క అక్కర్లేదు. నిన్నా మోగింది, ఈ ఉదయమూ మోగింది. రోజూ పొద్దున తుపాకి పేల్చే మనిషికి మైల ఎలా పట్టమంటావు? చచ్చిపోయాడు అని నా నోటితో అంటే, అన్న రోజు నుంచి నిజంగా చచ్చిపోతాడు.

వరి పాలు పోసుకుంది. మార్చిలో కోత. గరై కూడా చెప్పమన్నాడు, కోత అయ్యేదాకా ఆగు. పంట ఇంటికి చేరాక నేనే పడవెక్కి వచ్చి మీ సార్జెంటు అడిగినదానికల్లా జవాబు చెప్తాను. నాన్నని నేను దింపుకొస్తాను. అంతవరకు నీ కలం మూసి పెట్టు.

సెలకా


కపిట్
15 ఫిబ్రవరి 1983

అక్కా,

ఆలస్యమైంది. నీ ఉత్తరం వచ్చేసరికే నెలాఖరు దాటింది. సార్జెంటు పుస్తకం తిరగేస్తూ నాన్న పేరు దగ్గర వేలు పెట్టి, ఈ ఎగువ ముసలాయన రాలేదేం అన్నాడు. మా నాన్న అని ఆయనకి తెలుసు. నేను అబద్ధం చెప్పలేకపోయాను. మనిషి కనబడటం లేదు, తుపాకీ కనబడటం లేదు అని నా చేత్తోనే రాశాను.

వచ్చే వారం ఆయన ఆరుగురిని తీసుకుని వస్తున్నాడు. నన్ను రావద్దన్నాడు, సొంతవాడినని. వాళ్ళకి దారి చూపించండి. దాచడానికి ఏమైనా ఉంటే... ఈ వాక్యం కొట్టేశాను, అయినా నీకు కనిపిస్తుంది.

జెలియాన్


నంగా లెబియాన్
6 మార్చి 1983

తమ్ముడూ,

నాన్న దొరికాడు. నీకు రాయడానికి పది రోజులు పట్టింది.

ఫిబ్రవరి ఇరవై నాలుగున వెళ్ళాం. సార్జెంటు, ఆరుగురు పోలీసులు, గరై, మీ బావ, నేను. ఆడది ఎందుకన్నారు. మా నాన్న అన్నాను. ఈసారి ముందు నడిచింది పోలీసులు. చేను నుంచి గంట నడక, అంతే. తొమ్మిది రోజులు వెతికినప్పుడు మా వాళ్ళెవరూ ఆ వైపు రాలేదు, ముందు నడిచినవాడు తీసుకురాలేదు కాబట్టి. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

బండ కింద చెట్టుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కూర్చున్నవి ఎముకలూ చొక్కా. వర్షం పడకుండా పైన ఆకులు కప్పి ఉన్నాయి, కొత్తవి, ఎవరో మారుస్తున్నట్టు. తుపాకి ఒళ్ళో అడ్డంగా ఉంది. పక్కన నేను పెట్టిన పొగాకు.

సార్జెంటు మంచివాడు. టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత తుపాకి ఎత్తి గొట్టంలోకి చూశాడు. లోపలంతా కందిరీగలు పెట్టిన మట్టి. ఇది పేలి నెలలైంది అన్నాడు. సంచీ విప్పి తూటాలు ఒక్కొక్కటే అరటాకు మీద పెట్టాడు. అన్నీ పేలనివే. పదోది ఆకు మీద పెడుతుండగా ఎగువన మోగింది.

అదే మోత. ఒక్కటే. ఈసారి ఎంత దగ్గరంటే చెట్ల మీద నీళ్ళు మా మీద రాలాయి.

నలుగురు పోలీసులు పరుగెత్తారు. మేమెవరం కదల్లేదు. మీ బావ నా పక్కనే ఉన్నాడు, ఆయన వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి.

"అది నేను కాదు" అన్నాడు.

సార్జెంటు నెమ్మదిగా ఆయన వైపు తిరిగాడు. "మరి ఏది నువ్వు?"

అక్కడే చెప్పేశాడు. నాటు తుపాకి ఒకటి రెండేళ్ళుగా మంచె కప్పులో దాచాడట. పందుల్ని కొట్టింది దానితోనే. జనవరి చివర అది చేతిలోనే పగిలితే వాగులో పారేశాడట. నాన్న ఇక్కడ ఉన్నాడని మొదటి నుంచీ తెలుసట. ఎందుకు చెప్పలేదు అని నేను అడిగితే తల దించుకున్నాడు. వెళ్ళిన పోలీసులు గంట తర్వాత తిరిగొచ్చారు. మెత్తటి బురదలో తమ అడుగులు తప్ప ఇంకేమీ లేవన్నారు. వాళ్ళలో ఒకడు చిన్నవాడు, దిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

నాన్నని దింపి పెట్టెలో పెట్టి, వాగు దిగువన అమ్మ పక్కన పూడ్చాం. మైల పట్టాం, అది తీరేదాకా మోగకుండా ఇంటి కంచు గంటలు మూటగట్టాం. మీ బావని బేడీలతో పడవెక్కించారు. ఆయన వైపు నేను చూడలేదు. మూడు నెలలు, జెలియాన్. నాన్న అక్కడ తడుస్తుంటే నా పక్కన పడుకున్నాడు.

మార్చి వచ్చినా మోత ఆగలేదు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. దంపుడు ఆపి నేల చూస్తారు.

నువ్వు అక్కడే ఉన్నావు. ఆయన్ని అడుగు.

అక్క


కపిట్
18 మార్చి 1983

అక్కా,

బావని చూశాను. లాకప్ ఊచల బయట నేల మీద కూర్చున్నాను, ఆయన లోపల కూర్చున్నాడు. చాలాసేపు పాప పళ్ళ గురించి అడిగాడు. తర్వాత చెప్పాడు.

నాన్నని ఆయన కనుక్కున్నది రెండో రోజునే. అప్పటికి నాన్న బతికే ఉన్నాడు. బండ మీది నుంచి జారి తుంటి విరిగింది, ఊపిరి సరిగ్గా ఆడటం లేదు. బావ ఎత్తబోతే కొట్టాడట. ఆ తర్వాత నాన్న అన్న మాటలు బావ నాకు రెండుసార్లు చెప్పాడు, అలాగే రాస్తున్నాను.

"నేను పోయానని తెలిస్తే తుపాకి పోతుంది. తుపాకి పోయిందని తెలిస్తే మగాళ్ళు సగం మంది చేలు వదిలి కలప శిబిరాలకి పోతారు. కోత అయ్యేదాకా నన్నిక్కడే ఉండనీ. సెలకాకి చెప్పకు. అది ఏడిస్తే ఇరవై రెండు గదులకీ వినబడుతుంది."

తుపాకి తీసుకోనా అని బావ అడిగితే, అది నా పేర ఉంది, నీ చేతిలో చూస్తే నిన్ను పట్టుకుపోతారు, నా ఒళ్ళో పెట్టు అన్నాడట. మర్నాడు సాయంత్రం దాకా బావ అక్కడే కూర్చున్నాడు. వెతుకుతూ ఆ రాత్రి అడవిలో ఉండిపోయానని నీతో చెప్పాడట, గుర్తుందా? సాయంత్రం నాన్న పోయాడు. ఆకులు మార్చింది, పొగాకు తెచ్చి పెట్టింది బావే.

మంచెలోని నాటు తుపాకి మొదటిసారి పేల్చిన పొద్దున, చేను నుంచి తిరిగొచ్చేసరికి నువ్వు అన్నం తింటున్నావట. ఆరు రోజుల తర్వాత. నాన్న బతికే ఉన్నాడు అని ఎదురొచ్చి చెప్పావట. ఆ మాటని కాదనలేకపోయాను అన్నాడు. కోత ముగిసిన రోజు నీకు చెప్పాలనుకున్నాడు. ఇంకో మూడు వారాలు. నేను పుస్తకంలో ఆ వాక్యం రాయకుండా ఉంటే ఇంకో మూడు వారాలు.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, నాటు తుపాకి జనవరి ఇరవై తొమ్మిదిన పగిలిందంటాడు. బొటనవేలి కింద మచ్చ ఉంది. సార్జెంటు స్వయంగా ఫిబ్రవరిలో మోత విన్నాడు. అంటే రెండో తుపాకీ ఉంది, రెండో మనిషీ ఉన్నాడు, కెడిట్ వాళ్ళని దాస్తున్నాడు అని పైవాళ్ళు అంటున్నారు. పేరు చెప్పకపోతే కేసు బరువవుతుంది. బావ ఒకటే అంటాడు, "ఆ తర్వాతవి నావి కావు. ఎవరివో చెప్తే మీరు రాసుకోరు."

జనవరి ముప్పై నుంచి మోత వినబడే వేళకి ఆయన ఎక్కడ ఉన్నాడో నీకు తెలిస్తే వచ్చి సాక్ష్యం చెప్పు. తెలియకపోతే రాకు.

వారసుల అర్జీ కాగితం జత చేశాను. గడువు ఉంది.

జెలియాన్


నంగా లెబియాన్
21 ఆగస్టు 1983

తమ్ముడూ,

ఏప్రిల్‌లో నీ ఇంట్లో నాలుగు రోజులు ఉన్నా మనం ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నీ భార్య వండిన కూర గురించీ, పాప గురించీ మాట్లాడాం. అందుకని రాస్తున్నాను.

సాక్ష్యంలో నేను చెప్పింది నువ్వు గోడ అవతల నుంచి వినే ఉంటావు. వేలు కాలిన దగ్గర్నుంచి మీ బావ పొద్దున్నే చేనుకి పోవడం మానేశాడు. జ్వరం అన్నాడు, అప్పుడు కోపంలో నీకది రాయలేదు. చాప మీద నా పక్కనే ఉండేవాడు. మోత వినగానే నాకంటే ముందు ఆయనే లేచి కూర్చునేవాడు, గోడకి వీపు ఆనించి. నాన్నకి భయపడుతున్నాడనుకున్నాను. అదే చెప్పాను. మరి ఎవరు పేల్చారని ఆఫీసరు మూడుసార్లు అడిగాడు. నాకు తెలిసిన మనిషి ఎవరూ కాదన్నాను. ఆయన 'తెలియదు' అని రాసుకున్నాడు. రెండో తుపాకి మాట కేసులోంచి పోయింది. రెండేళ్ళ శిక్ష ఎక్కువో తక్కువో నాకు తెలియదు. అంతకంటే చాలా ఎక్కువ పడేదని నువ్వన్నావు.

మామగారి మాట నిలబెట్టాడని ఊరంతా అంటోంది. రోజుకొక మోతతో నన్ను మోసం చేశాడని నేను అంటాను. రెండూ నిజమే. పోయిన నెల జైల్లో ఆయనకి అదే చెప్పాను. అవునన్నాడు. వచ్చాక గదిలోకి రానిస్తావా అని అడిగాడు. పొయ్యి పక్కన చాప వేస్తాను, మిగతాది తర్వాత చూద్దాం అన్నాను.

నువ్వు ఆ వాక్యం రాసినందుకు కుమిలిపోతున్నావని నీ భార్య చెప్పింది. రాయకపోతే నాన్న ఇంకా బండ కిందే ఉండేవాడు. ఇంక ఆ మాట వదిలెయ్.

కోత సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. పందులు తిన్నది పోను, ఇరవై రెండు గదులకీ గింజలు వచ్చాయి. కోత జరిగినన్నాళ్ళూ రోజూ మోత వినబడింది. ఆఖరి చేను మిగిలిన రోజు పొద్దున అందరం వరుసగా నిలబడి ఉన్నాం, చేతుల్లో కోత కత్తులు. మంచు విడిచింది. ఏమీ వినబడలేదు. ఎవరూ ఆగమని చెప్పలేదు గానీ ఒక్కరూ కంకి కోయలేదు. ఎండ వీపు మీదికి వచ్చేదాకా అలాగే నిలబడ్డాం. చివరికి గరై భార్య, "సరే, ఆయన పని అయిపోయింది. మన పని కానిద్దాం" అంది. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఎగువన మోత లేదు.

లైసెన్సు నా పేర వచ్చింది కదా. మీ సార్జెంటు నా చేత సంతకం పెట్టిస్తూ, కాల్చడం వచ్చా అని అడిగాడు. మా నాన్న నేర్పాడు, తమ్ముడికి రాలేదు అన్నాను. నవ్వాడు. నీకు చెప్పాడో లేదో.

తుపాకి ఇంటికి తెచ్చి మూడు వారాలు గోడకి తగిలించే ఉంచాను. కొత్త పోడు కొట్టాం, పందులు కర్రపెండలం తవ్వేస్తున్నాయి, అయినా చేయి రాలేదు. పందికి భయపడి కాదు. నేను పేలిస్తే పొడవింట్లో ఇరవై రెండు గదుల వాళ్ళూ తలెత్తుతారు. ఆ మోత నాదా, నాన్నదా అనుకుంటారు. ముసలివాళ్ళు మళ్ళీ నేల చూస్తారు. ఇంటిపెద్దతో మాట్లాడి ఒక పద్ధతి పెట్టుకున్నాను. పేల్చే ముందు వాగు వైపు తిరిగి నా పేరు గట్టిగా అరుస్తాను. నేను సెలకాని, ఇది నేనే అని. కిందివాళ్ళు విని, సరే అనుకుంటారు.

ఈ ఉదయం మొదటిసారి వెళ్ళాను. పెండలం చేలో పెద్ద పంది, ఇరవై అడుగుల దూరంలో, నాకు వీపు పెట్టి. తుపాకి భుజానికి ఆనించాను. మాట ఇచ్చాను కాబట్టి, వాగు వైపు తిరిగి, "సెలకాని" అని గొంతు చించుకుని అరిచాను.

పంది ఆగుతుందా మరి? తోక కూడా కనబడలేదు. కింద వసారాలో ఎవరో ముందు నవ్వారు, తర్వాత ఇంటి పొడవునా నవ్వు పాకింది, నాకు చేను దాకా వినబడింది. నేనూ మంచె మెట్టు మీద కూర్చుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

రేపు ముందు గురి చూసుకుని తర్వాత అరుస్తాను.

అక్క
సెలకా